ఇన్‌స్టాలర్ చాటున వచ్చిన అదనపు సరుకు

ఒక ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో స్థాపించే ఇన్‌స్టాలర్‌లోనే వేరే సంస్థల ప్రోగ్రామ్‌లను చేర్చి, వాటిని అంగీకరించినట్లు సూచించే గడిలో ముందుగానే టిక్కు పెట్టి ఉంచే పద్ధతి 2000 తర్వాతి దశాబ్దంలో బాగా వ్యాపించింది. జావా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌తో పాటు బ్రౌజర్‌కు అతుక్కునే ఆస్క్ టూల్‌బార్ అనేక కంప్యూటర్లలోకి చేరింది ఈ దారినే. ఉచిత ప్రోగ్రామ్‌ల పంపిణీకి ఇది ఆదాయమార్గమైనా, తొందరలో ‘నెక్స్ట్’ నొక్కేవారి అజాగ్రత్తను సమ్మతిగా లెక్కించడం అన్యాయమే.

మూలకోడ్‌ను ఎవరైనా చదివి మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు 1999 నుంచి భాండాగారంగా నిలిచిన సోర్స్‌ఫోర్జ్ సైతం 2013లో ‘డెవ్‌షేర్’ పేరిట ఈ బాటే పట్టి, వచ్చిన ఆదాయంలో రూపకర్తలకు వాటా ఇవ్వజూపింది. చిత్రాలను సవరించే ప్రోగ్రామ్ గింప్ నిర్వాహకులు అదే ఏడాది అక్కడినుంచి తప్పుకోగా, 2015లో సోర్స్‌ఫోర్జ్ తన సైట్‌లో మిగిలిన గింప్ విండోస్ వెర్షన్ పేజీని తన అధీనంలోకి తీసుకుని ఇన్‌స్టాలర్‌కు ప్రకటనలు జోడించడంతో, అప్పటివరకు సర్దుకుపోయినవారు కూడా దీన్ని నమ్మకద్రోహంగానే చూశారు. విమర్శ తీవ్రమయ్యాక ఆ సంస్థ వెనక్కి తగ్గింది. 2016లో యాజమాన్యం మారగానే కొత్తవారు డెవ్‌షేర్‌ను పూర్తిగా రద్దు చేశారు.