గట్టు మీద దారి

కృష్ణా డెల్టాలో సైకిలుకి ఎక్కువ మేలు చేసిన ప్రభుత్వ పథకంలో సైకిలు ఊసే లేదు. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలైనప్పుడు కంపెనీ సర్కారు చూసుకున్నది సాగునీరు, శిస్తు, పడవల రాకపోకలు. 1855కి ఆనకట్ట పూర్తయింది. కాలవలు తవ్విన మట్టి గట్టయింది, గట్టు దారయింది. ఎత్తుపల్లాల్లేని చదును నేల. చాలా ఏళ్ళకి సైకిలు వచ్చేసరికి దానికి కావలసిన దారి అప్పటికే ఉంది.

బ్యారేజీదీ అదే కథ. 1952లో పాత ఆనకట్టకి గండి పడింది, 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కట్టింది నీళ్ళకోసమే. కానీ పైన రోడ్డు కూడా వేయడంతో అటు గుంటూరు జిల్లా నుంచి ఇటు బెజవాడకి నడిచో, సైకిలు మీదో రావడానికి కిలోమీటరు పైచిలుకు దారి దొరికింది.

కావాలని చేసిన ప్రయత్నాలు తర్వాత వచ్చాయి. ముందు చూడాల్సింది బళ్ళని కాదు, మనుషుల్ని అని 2006లో జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. అమరావతికి ఫోస్టర్ సంస్థ గీసిన ప్లాన్‌లో నీడ ఉన్న వీధులు, సైకిళ్ళకి ప్రత్యేక దారులు, వాటర్ టాక్సీలు ఉన్నాయి. బొమ్మలు బాగున్నాయి. అయితే ఆ సైకిలు తొక్కే మనిషి రేపటి నగరంలోవాడు. తెల్లారుజామున క్యారేజీ తగిలించుకుని బెజవాడ పనికొచ్చే తాపీమేస్త్రీ ఇవాళ్టివాడు. అతనికి సైకిలు గొప్పతనం ఎవరూ చెప్పక్కర్లేదు, లారీ పక్కన కాస్త చోటిస్తే చాలు.

2014-19 మధ్య రాష్ట్ర ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చింది. పార్టీ గుర్తూ సైకిలే కదా అని నవ్వినవాళ్ళున్నారు. నవ్వొచ్చు, కానీ ఎవరికోసమో తేల్చుకుని మొదలుపెట్టిన పథకం అది. బీహార్ 2006లోనే ఇలాంటిది మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ లెక్కతీస్తే అక్కడ హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 30 శాతం దాకా పెరిగారు. బడి దూరమైన ఊళ్ళలోనే ఆ ఫలితం ఎక్కువ.

ఇక్కడొక చిక్కుంది. ప్రభుత్వం దారి ఇచ్చినప్పుడు సైకిలు గురించి ఆలోచించలేదు, సైకిలు ఇచ్చినప్పుడు దారి గురించి ఆలోచించలేదు. కాలవ గట్లు తారు రోడ్లయ్యాయి, వాటి మీద కార్లూ ట్రాక్టర్లూ దూసుకుపోతున్నాయి. పక్క ఊరి హైస్కూలుకి వెళ్ళే పిల్ల అదే రోడ్డు అంచున, కాలవ వైపు ఒరిగి తొక్కుతోంది. కొత్త నగరానికి గీసిన సైకిల్ ట్రాక్‌లో రెండు మీటర్లు ముందు ఆ గట్టు మీద వేస్తే బాగుండు.