వీడియో కాల్‌లో హార్మోన్ ట్రీట్‌మెంట్.. బ్లడ్ టెస్ట్ ఎప్పుడు చేయించాలి? రిపోర్ట్ ఎలా పంపాలి?

థైరాయిడ్ మాత్ర కావచ్చు, ఈస్ట్రోజన్, టెస్టోస్టిరాన్ కావచ్చు.. హార్మోన్ మందు డోస్ సరిపోయిందా లేదా అన్నది మనిషిని చూసి చెప్పడం కష్టం. రక్తమే చెప్పాలి. ఎదురుగా కూర్చుంటే డాక్టర్ నాడి చూస్తారు, మెడ తడిమి చూస్తారు, బరువు తూచమంటారు. ఫోన్ స్క్రీన్ మీద అవేవీ కుదరవు. అందుకే వీడియో కాల్‌లో మందు రాయించుకునేవాళ్లకు ల్యాబ్ రిపోర్టే సగం పరీక్ష. శాంపిల్ తప్పు టైంలో ఇస్తే డోస్ కూడా తప్పుతుంది.

ఉంగుటూరు, కైకరం, చేబ్రోలు వైపు నుంచి పెద్ద డాక్టర్ కావాలంటే ఏలూరో, తాడేపల్లిగూడెమో, అక్కడా కాకపోతే విజయవాడో వెళ్లాలి. కొల్లేరు లంక గ్రామాల సంగతి చెప్పక్కర్లేదు, నీళ్లొస్తే ఊరు దాటడమే గగనం. ఇలాంటి చోట వీడియో కాల్ పెద్ద ఊరట. కేంద్రం 2019 నవంబర్‌లో ఈ-సంజీవని మొదలుపెట్టింది. ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వెళితే అక్కడి సిబ్బందే డాక్టర్‌ని లైన్‌లోకి తీసుకొస్తారు. కరోనా టైంలో, 2020 ఏప్రిల్ నుంచి ఇంట్లో కూర్చుని సొంత ఫోన్‌లో మాట్లాడే సౌకర్యమూ వచ్చింది. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండి తీరాలి. అది లేని చీటీతో హార్మోన్ మందు కొనొద్దు.

ఇంకో చిన్న మాట. కృష్ణా జిల్లాలోనూ ఒక ఉంగుటూరు ఉంది. ఆన్‌లైన్‌లో ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే ల్యాబ్‌ని బుక్ చేస్తుంటే జిల్లా ఏలూరు అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

థైరాయిడ్: ఆరు వారాల లెక్క

ఎక్కువమంది వాడేది థైరాక్సిన్ మాత్ర కాబట్టి ముందు దాని గురించి. డోస్ మొదలుపెట్టినా, మార్చినా, టీఎస్‌హెచ్ టెస్ట్ 6 నుంచి 8 వారాల తర్వాతే. ఎందుకంటే ఒంట్లో చేరిన థైరాక్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కొత్త డోస్ నిలకడకు రావడానికి నెల దాటుతుంది. పది రోజులకే టెస్ట్ చేయించి "ఇంకా తగ్గలేదు" అని కంగారుపడితే, కాల్‌లో ఉన్న డాక్టర్ డోస్ పెంచేసే ప్రమాదం ఉంది. రీడింగ్ కుదిరాక మాత్రం 6 నెలలకో, ఏడాదికో ఒకసారి చాలు.

టెస్ట్‌కి ముందు నాలుగు రోజులు మాత్ర ఆపేసి "అసలు రీడింగ్ చూద్దాం" అనుకునేవాళ్లున్నారు. అది అసలు రీడింగ్ కాదు, మందు మానేసిన రీడింగ్. మాత్ర మానొద్దు. ఫ్రీ టీ4 కూడా రాసి ఉంటే ఆ ఒక్క రోజు శాంపిల్ ఇచ్చాక మాత్ర వేసుకోండి. టీఎస్‌హెచ్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే టైంలో, వీలైతే ఒకే ల్యాబ్‌లో ఇవ్వడం మంచిది. జ్వరంతో పడుకున్నప్పుడు తీసిన రీడింగ్ నమ్మకమైనది కాదు.

జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ మాత్రలు చాలా మెషిన్లను తికమక పెడతాయి. టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తాయి. కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ఆ సంగతి డాక్టర్‌కీ చెప్పాలి. అడగకపోతే ఎవరూ చెప్పని విషయం ఇది!

మాత్ర సరిగ్గానే వేసుకుంటున్నా రీడింగ్ దిగడం లేదా? ఎలా వేసుకుంటున్నారో చూడండి. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీ, టీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. ఐరన్, కాల్షియం మాత్రలకు మధ్య 4 గంటల తేడా ఉండాలి. గర్భిణులకు ఐరన్ మాత్రలు ఎలాగూ ఇస్తారు, రెండూ కలిపి పొద్దున్నే మింగేస్తే థైరాక్సిన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

గర్భం విషయంలో ఆరు వారాల లెక్క పనికిరాదు. నెల తప్పిందని తెలియగానే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. తల్లికి డోస్ కూడా సాధారణంగా పెరుగుతుంది. సగం నెలలు నిండేదాకా దాదాపు 4 వారాలకోసారి, మళ్లీ 30వ వారం దగ్గర ఒకసారి టెస్ట్ చేయిస్తారు. కాన్పు అయ్యాక 6 వారాలకు మరోసారి. మొదటి మూడు నెలల్లో ఉండాల్సిన రీడింగ్ వేరు, రిపోర్ట్‌లో పక్కన అచ్చు వేసిన నార్మల్ రేంజ్ వేరు. "నార్మల్‌లోనే ఉందిగా" అని మీరే తేల్చుకోవద్దు.

పెద్దవాళ్లకు భయం ఇంకోలా ఉంటుంది. టెస్ట్ లేకుండా ఏళ్ల తరబడి అదే డోస్ తెచ్చుకుంటూ పోతే, ఎక్కువైన థైరాక్సిన్ గుండె లయను దెబ్బతీస్తుంది, ఎముకలను గుల్ల చేస్తుంది.

ఈస్ట్రోజన్, టెస్టోస్టిరాన్ వాడేవాళ్లకు

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు వాడే హార్మోన్లకు మొదటి ఏడాది 3 నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండు సార్లు టెస్టులు అవసరం. ఈస్ట్రోజన్ వాడితే ఎస్ట్రడయోల్, టెస్టోస్టిరాన్ రెండూ చూస్తారు. దాంతోపాటు స్పైరోనోలాక్టోన్ ఉంటే పొటాషియం, కిడ్నీ టెస్ట్, సైప్రోటిరోన్ ఉంటే లివర్ టెస్ట్. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకు రక్తం చిక్కబడొచ్చు, అందుకే హెమటోక్రిట్ తప్పనిసరి. ఎనాంతేట్ రకం ఇంజెక్షన్ అయితే రెండు ఇంజెక్షన్లకు సరిగ్గా మధ్యలో శాంపిల్ ఇవ్వాలి. అన్‌డెకనోయేట్ అయితే తర్వాతి ఇంజెక్షన్‌కి కాస్త ముందు. చివరి ఇంజెక్షన్ తేదీ రిపోర్ట్ మీద పెన్నుతో రాసి పంపండి. అది తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ల్యాబ్‌లో పేరు పక్కన ఆడ, మగ ఏది రాస్తే దాన్ని బట్టి నార్మల్ రేంజ్ పడుతుంది. హార్మోన్లు వాడే ట్రాన్స్‌జెండర్ల రిపోర్టుల్లో "హై", "లో" గుర్తులు చాలాసార్లు అందుకే పడతాయి. గర్భనిరోధక మాత్రలను ఎవరికీ చెప్పకుండా హార్మోన్‌గా వాడటం మాత్రం మంచిది కాదు, కాళ్ల నరాల్లో రక్తం గడ్డ కట్టే ముప్పు ఉంది.

హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ ట్రాన్స్‌జెండర్లకు హార్మోన్ సలహా, చికిత్స ఒకేచోట ఇచ్చింది. అమెరికా యూఎస్‌ఎయిడ్ నిధులు ఆగిపోవడంతో 2025 జనవరిలో మూతపడింది. అదే ఏడాది టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ క్లినిక్‌గా మళ్లీ తెరుచుకుంది. క్లినిక్ ఏదైనా, యాప్ ఏదైనా ఒకరోజు ఆగిపోవచ్చు. పాత రిపోర్టులు మీ దగ్గర ఉంటే కొత్త డాక్టర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

రిపోర్ట్ ఫొటో ఎలా ఉండాలి?

అంకె ఒక్కటే కట్ చేసి వాట్సాప్ చేయొద్దు. పేరు, వయసు, శాంపిల్ తీసిన తేదీ, టైం, యూనిట్, నార్మల్ రేంజ్ కనిపించేలా మొత్తం పేజీ కావాలి. పీడీఎఫ్ ఉంటే అదే పంపండి. యూనిట్ ఎందుకంటే, టెస్టోస్టిరాన్‌ని మన ల్యాబుల్లో ఎక్కువగా నానోగ్రాముల్లో ఇస్తారు, కొన్ని దేశాల్లో నానోమోల్స్‌లో. అక్కడ 10 అంటే ఇక్కడ దాదాపు 288. విదేశాల్లో పనిచేసి వచ్చినవాళ్లు పాత, కొత్త రిపోర్టులు పక్కన పెట్టి చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. శాంపిల్ ఎవరు సేకరించినా, టెస్ట్ చేసిన ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందో లేదో రిపోర్ట్ మీదే తెలుస్తుంది.

గుండె దడ ఆగకపోవడం, ఛాతీ నొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఊపిరి ఆడకపోవడం, మనిషి మగతగా అయిపోవడం.. ఇవి ఉంటే టెస్ట్ కోసం, వీడియో కాల్ కోసం ఎదురుచూడొద్దు. 108కి ఫోన్ చేయండి.