ప్రతిచయనం, పరికల్పన పరీక్ష: చరిత్ర

మొత్తాన్ని లెక్కించకుండా అందులోంచి కొంత భాగాన్ని నమూనాగా తీసి, దాన్నిబట్టి మొత్తం గురించి చెప్పడం ప్రతిచయనం. నమూనాలో కనిపించిన తేడా నిజమైనదా, కాకతాళీయమా అని తేల్చే పద్ధతి పరికల్పన పరీక్ష. సాంఖ్యకశాస్త్రంలో ఈ రెండూ వేర్వేరు దారుల్లో పెరిగాయి.

1710లో లండన్ వైద్యుడు జాన్ ఆర్బత్‌నాట్ ఆ నగరపు 82 ఏళ్ల బాప్తిస్మ లెక్కలు పరిశీలించాడు. ప్రతి ఏడూ మగపిల్లలే ఎక్కువ. ఆడ, మగ అవకాశాలు సమానమైతే ఇలా వరసగా జరగడం దాదాపు అసంభవమని చూపి, ఇది దైవసంకల్పమన్నాడు. ఆ ముగింపు ఎలా ఉన్నా, తర్కం మాత్రం నేటిదే. ముందు ‘తేడా లేదు’ అనుకోవాలి, చేతిలో ఉన్న లెక్క అప్పుడెంత అరుదో చూడాలి. ఆ అనుకున్నదే శూన్య పరికల్పన.

డబ్లిన్ గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో చిన్న నమూనాలను విశ్లేషించే దారి చూపాడు. రొనాల్డ్ ఫిషర్ 1935 నాటి పుస్తకంలో వివరించిన టీ ప్రయోగం మరింత ప్రసిద్ధం. కప్పులో ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పగలనంది ఒకావిడ. రెండు రకాలూ నాలుగేసి చొప్పున, 8 కప్పులను వరస కలగలిపి ఇవ్వాలి. వాటిలోంచి నాలుగింటిని ఎంచే విధాలు 70. ఊరికే ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. మూడు సరిపోయి ఒకటి తప్పినా చాలనుకుంటే ఆ అవకాశం 70లో 17కు పెరుగుతుంది, అప్పుడిక రుజువు నిలవదు.

జెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ 1933లో రెండు రకాల దోషాలను విడదీశారు: లేని తేడాను ఉందనడం, ఉన్నదాన్ని పట్టుకోలేకపోవడం. ఫిషర్ ఈ పద్ధతిని ఒప్పుకోలేదు. ఫిషర్, నేమన్-పియర్సన్ ఆలోచనలను ఒకే సిద్ధాంతంలా కలిపి బోధించడం వల్లే విద్యార్థులకు ఇంత గందరగోళం.

ఇక ప్రతిచయనం విషయానికొస్తే, నమూనా ఎంత పెద్దదన్నదాని కంటే ఎలా తీశారన్నదే ముఖ్యమని 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలు తేల్చాయి. ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి అభ్యర్థి లాండన్ గెలుస్తాడంది. కానీ 48 రాష్ట్రాల్లో 46 చోట్ల ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్, కార్ల యజమానుల జాబితాల్లోంచి తీసుకున్నవి. పైగా జవాబు రాసినవారు కొందరే. మెతుకు పట్టి చూస్తే అన్నం సంగతి తెలిసేది కుండంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి. సమాజం అలా ఉండదు.

భారతదేశంలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1937లో బెంగాల్ జనపనార పంటపై నమూనా సర్వే మొదలుపెట్టాడు. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను విడివిడి నమూనాలతో పంపి, ఫలితాలు పోల్చి తప్పులు పట్టేవాడు. జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో మహలనోబిస్ నెలకొల్పిన గణాంక పరిశోధన సంస్థలో చేరిన సి.ఆర్. రావు, 1948లో స్కోర్ పరీక్ష అనే పరికల్పన పరీక్షను ప్రతిపాదించాడు.

పరికల్పన పరీక్షల్లో పి-విలువ (శూన్య పరికల్పన నిజమైతే ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా కనిపించే సంభావ్యత) 0.05 కంటే తగ్గితే చాలు, సిద్ధాంతం రుజువైనట్టేనన్న అలవాటు పరిశోధనలకు చేటు చేసింది. పి-విలువ పరికల్పన నిజమయ్యే సంభావ్యత కాదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేక ప్రకటన చేయాల్సి వచ్చింది.