వేలిముద్ర, బ్లేడు, మాట

1929 చివరి నెలల్లో కెన్యాలోని కికుయు క్రైస్తవుల ముందు మిషనరీలు ఒక ప్రమాణపత్రం పెట్టారు. నైరోబీ దగ్గరి తొగొతో మిషన్ నుంచి డాక్టర్ జాన్ ఆర్థర్ నడిపిన ఉద్యమం అది. ఆడపిల్లలకు సున్తీ చేయించబోమని, కికుయు సెంట్రల్ అసోసియేషన్‌తో తెగతెంపులు చేసుకుంటామని ఒప్పుకున్నవారికే సంఘంలో చోటు. సంతకం రానివారు వేలిముద్ర వేశారు. వేలిముద్రను కికుయులు ‘కిరోరె’ అంటారు. ఒప్పుకున్నవాళ్ళందరికీ చివరికి ఆ పేరే నిలిచిపోయింది.

ఆ పత్రంలోనే తగువు ఉంది. ఆడపిల్ల శరీరానికి జరిగే హాని ఒక విషయం. తెల్ల రైతులు ఆక్రమించిన భూముల కోసం పోరాడే సంస్థలో సభ్యత్వం పూర్తిగా వేరే విషయం. రెండింటినీ ఒకే పత్రంలో కట్టేసరికి, సున్తీ వద్దనడమంటే తెల్లవాడి పక్షాన చేరడమే అన్న అర్థం వచ్చింది. మిషన్ ఆసుపత్రుల్లో ఈ కోత పర్యవసానాలను, ప్రసవాల్లో స్త్రీలు పడే యాతనను డాక్టర్లు కళ్ళారా చూశారు. వారి ఆందోళన నిజమైనదే. అయితే అది ఆజ్ఞగా వచ్చింది.

కికుయుల భాషలో ఈ దీక్షకు ‘ఇరువా’ అని పేరు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ అదే మాట. కలిసి దీక్ష పొందినవారంతా ఒక తరం, ఆ తరానికి ఒక పేరు. ఇరువా లేనివారు ఎంత వయసొచ్చినా పెద్దవాళ్ళ లెక్కలోకి రారు. అందుకే మిషన్ ఆజ్ఞకు జవాబు ‘ముథిరిగు’ అనే ఆటపాటగా ఊరూరా చెలరేగింది. మిషనరీలను, వారికి తలొగ్గిన ముఖియాలను ఎగతాళి చేసిన ఆ పాటల్లో, ఆచారంతోపాటు భూమీ పోతుందన్న భయం వినిపించింది. 1930 జనవరిలో ప్రభుత్వం ముథిరిగును నిషేధించింది. చాలామంది చర్చిని వదిలేసి సొంత బడులు, సొంత ప్రార్థనాలయాలు కట్టుకున్నారు. 1938లో లండన్‌లో వెలువడిన ‘ఫేసింగ్ మౌంట్ కెన్యా’లో కికుయు నాయకుడు జోమో కెన్యాట్టా ఇరువాను జాతి నిర్మాణానికే మూలస్తంభంగా సమర్థించాడు. స్త్రీల శరీరం స్వాతంత్ర్య పోరాటానికి జెండా అయింది. ఆ జెండా మోయడం ఇష్టమా అని ఆడపిల్లలను ఇరుపక్షాలూ అడగలేదు.

కెన్యా పర్వతానికి ఈశాన్యాన ఉన్న మేరు ప్రాంతంలో కథ మరో మలుపు తిరిగింది. అక్కడ పూర్వం వయసొచ్చిన అమ్మాయికి, పెళ్ళికి దగ్గరపడ్డాక దీక్ష ఇచ్చేవారు. దీక్ష కాకుండా గర్భం దాల్చడం అక్కడ అపచారం కాబట్టి గర్భస్రావాలు జరిగేవి. వాటిని ఆపాలన్న ఉద్దేశంతో బ్రిటిష్ అధికారులు దీక్ష వయసును తగ్గించమని ఒత్తిడి తెచ్చారు. యువతుల ఆచారాన్ని చిన్నపిల్లల మీదికి దించడంలో పాలనకూ పాత్ర ఉంది.

1956లో మేరు పెద్దల సభ ‘ఞ్జూరి ఞ్చెకె’ అధికారుల ప్రోత్సాహంతో స్త్రీ సున్తీని నిషేధించింది. అది మగవాళ్ళ సభ. దీక్షను నడిపేది మాత్రం స్త్రీల సభ. నిషేధం వెలువడ్డాక అమ్మాయిలు అంగళ్ళలో గడ్డం గీసుకునే బ్లేడ్లు కొనుక్కుని, ఒకరికొకరు కోత పెట్టుకున్నారు. వారిని ‘ఙ్గైతానా’ అన్నారు, అంటే ‘నాకు నేనే సున్తీ చేసుకుంటాను’ అని. మూడేళ్ళలో 2,400 మందికి పైగా స్థానిక కోర్టుల బోనెక్కారు. ఒకప్పుడు అమ్మమ్మల చేతుల మీదుగా, విందుతో, బోధతో జరిగిన తంతులో బోధ పోయి కోత ఒక్కటే మిగిలింది.

నలభై ఏళ్ళ తర్వాత, 1996లో, ఆ పక్కనే ఉన్న థరకాలో దీనికి తలకిందులైన ప్రయత్నం మొదలైంది. ‘మయెందెలెయో యా వనావకె’ అనే మహిళా సంస్థ, ఊరి తల్లులతో కలిసి ‘న్తనిరా నా ముగాంబో’ అనే దీక్షను రూపొందించింది. ‘మాటతో సున్తీ’ అని దాని అర్థం. అమ్మాయిలు కొన్నాళ్ళు ఇల్లు విడిచి ఒకచోట ఉంటారు. ఒంటి సంగతులు, ఆరోగ్యం, ఇంటి మర్యాదలు పెద్ద స్త్రీలు దగ్గర కూర్చుని చెబుతారు. చివరిరోజు ఊరంతా కూడి, కానుకలిచ్చి, పాటలతో వాళ్ళను పెద్దమనుషుల లెక్కలోకి తీసుకుంటుంది. బోధ తిరిగి వచ్చింది, కోత పోయింది. అయితే ముందుగా ఊరిలో తల్లిదండ్రుల మధ్య చర్చ జరిగినచోటే ఇది వేళ్ళూనింది.

చట్టమూ తోడైంది. 2001లో బాలల చట్టం, 2011లో సంపూర్ణ నిషేధ చట్టం వచ్చాయి. వయోజన స్త్రీ తన ఇష్టంతో చేయించుకోవచ్చు కదా అని తాతు కమావు అనే వైద్యురాలు వేసిన పిటిషన్‌ను 2021 మార్చిలో నైరోబీ హైకోర్టు తోసిపుచ్చింది. 15–49 ఏళ్ళ స్త్రీలలో సున్తీ జరిగినవారు 1998లో 38 శాతం, 2022 నాటికి 15 శాతం.

కానీ ఇరువాలోని రెండో సగం, మగపిల్లల సున్తీ, చట్టం జోలికి రాకుండానే ఉంది. ఈ రెండింటి హానీ సమానం కాదు. ప్రశ్న మాత్రం ఒక్కచోటే కలుస్తుంది: పిల్లల తరఫున వెనక్కి తీసుకోలేని నిర్ణయం తీసుకునే హక్కు పెద్దలకు ఎంతవరకు? 2012 మేలో జర్మనీలోని కొలోన్ కోర్టు, వైద్యావసరం లేకుండా నాలుగేళ్ళ బాలుడికి చేసిన సున్తీని శరీరానికి చేసిన గాయంగానే పరిగణించింది. యూదులు, ముస్లింలు తల్లడిల్లారు. ఆ డిసెంబరులోనే జర్మన్ పార్లమెంటు షరతులతో దాన్ని అనుమతిస్తూ చట్టం చేసింది. మన దేశంలో దావూదీ బోహ్రా సమాజంలో ఆడపిల్లలకు చేసే ‘ఖఫ్జ్’పై వచ్చిన వ్యాజ్యాన్ని 2018లో సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనానికి నివేదించింది. తమకు ఏడేళ్ళప్పుడు జరిగినదాన్ని బయటికి చెప్పిన బోహ్రా స్త్రీలే ఆ చర్చకు ప్రాణం పోశారు.

కెన్యా ఈశాన్యంలోని సొమాలీ కుటుంబాల్లో ఇప్పటికీ ఆడపిల్లల సున్తీ దాదాపు ఇంటింటి ఆచారమే. చట్టం అక్కడా అమల్లోనే ఉంది. అక్కడి తల్లులు, అమ్మమ్మలు థరకా స్త్రీలలా తమ మాటను తామే వెతుక్కోవాలి. వాళ్ళ పక్కన నిలబడటం బయటివాళ్ళు చేయగల పని. వాళ్ళ ముందు మళ్ళీ ఒక ప్రమాణపత్రం పెట్టి వేలిముద్ర అడగకూడదు.