టూటన్‌ఖామున్ టూర్లు - అమరావతి రాళ్ళు

టూటన్‌ఖామున్ అనగానే గుర్తొచ్చేవి బంగారు ముసుగూ, ఫారో శాపం కబుర్లూ. శాపాన్ని సినిమావాళ్ళకి వదిలేద్దాం. నాకు ఆసక్తి కలిగించేది ఆ నిధి దేశాలు తిరిగిన కథ.

1922 నవంబరు 4న లక్సర్ దగ్గర రాజుల లోయలో హోవర్డ్ కార్టర్ పనివాళ్ళకి సమాధి మొదటి మెట్టు కనబడింది. డబ్బు పెట్టింది లార్డ్ కార్నార్వన్. తవ్వకాల్లో దొరికినవాటిలో తవ్వినవాళ్ళకి వాటా ఇవ్వడం అప్పటిదాకా ఆనవాయితీ. బెర్లిన్‌లో ఉన్న నెఫెర్టిటి విగ్రహం 1913లో అలా వాటాకింద వెళ్ళిందే. కానీ 1922లోనే ఈజిప్టుకి, పేరుకైనా, స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త ప్రభుత్వం ఈసారి పంపకాల్లేవంది. 1930లో కార్నార్వన్ కుటుంబానికి పరిహారం ముట్టజెప్పి లెక్క తేల్చేసింది. కొన్ని చిన్నాచితకా వస్తువులు జారిపోయినా, మొత్తం 5,398లో దాదాపు అన్నీ దేశంలోనే ఉండిపోయాయి.

ఆ మొండితనం ఫలితం తర్వాత తెలిసొచ్చింది. ఆస్వాన్ డ్యామ్ కింద నూబియా గుళ్ళు మునిగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు (మన నాగార్జునకొండ లాగే అన్నమాట) 1961లో కొన్ని చిన్న వస్తువుల్ని అమెరికా పంపి ప్రపంచం దృష్టిని అటు తిప్పారు. 1972లో 50 వస్తువులు లండన్ వెళితే 16 లక్షల మందికి పైగా క్యూ కట్టారు. ఆ లాభాలు ఫిలే గుడిని కాపాడే యునెస్కో నిధికి వెళ్ళాయి. 1976-79 అమెరికా టూరుకైతే దాదాపు 80 లక్షల మంది వచ్చారు. 1980ల మొదట్లో జర్మనీలో ఒక దేవతా విగ్రహం దెబ్బతినడంతో టూర్లు ఆగిపోయాయి. 2004లో మళ్ళీ మొదలయ్యాయి గానీ ముసుగు మాత్రం గడప దాటలేదు. 2005 లాస్ ఏంజెలెస్ పోస్టర్ మీద ఉన్న మొహం చూసి చాలామంది అదే ముసుగు అనుకున్నారు. నిజానికది రాజుగారి అవయవాలు దాచిన బుల్లి శవపేటిక! ట్రైలర్ ఒకటి, సినిమా ఇంకొకటి :)

ఇంట్లో ఉంచుకున్నంత మాత్రాన భద్రమేం కాదు. 2014లో కైరో మ్యూజియంలోనే ఆ ముసుగు గడ్డం ఊడితే ఎపాక్సీ పెట్టి అతికించేశారు. సరిచేయడానికి నిపుణులు రావాల్సొచ్చింది. చివరికి 2025 నవంబరులో గీజా దగ్గర కొత్త మ్యూజియంలో ఆ నిధంతా మొదటిసారి ఒకచోట చేరింది.

ఇప్పుడు మన సంగతి. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం తవ్వాడు. ఆ శిల్పాలు 1859లో ఓడెక్కాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. వద్దనడానికి అప్పుడు మనకంటూ ఒక ప్రభుత్వం లేదు. తేడా అంతా అక్కడే ఉంది. ఈజిప్టువాళ్ళు షరతులు పెట్టి అప్పిస్తారు. అమరావతి విషయంలో మనం అడిగేవాళ్ళమే.

అలాగని మన దగ్గర ఏమీ మిగల్లేదని కాదు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం బౌద్ధశిల్ప ప్రదర్శనకి సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు వెళ్ళాయి, ఆ తర్వాత సియోల్‌కీ వెళ్ళాయి. అప్పిచ్చింది మనమే! ఎంతమందికి తెలుసు? టూట్ టిక్కెట్టుకి డాలర్లు పోసే మనవాళ్ళు, సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఒక్కసారి ఫణిగిరి గుట్ట ఎక్కితే బాగుంటుంది. అడిగేవాళ్ళకి ముందు తమ దగ్గరున్నదేమిటో తెలిసుండాలి కదా.