కృష్ణ ఒడ్డున ఎల్ల: పల్నాటి ఉత్తరపు అంచు

విజయపురి సౌత్‌కు బదిలీపై వచ్చిన ఉద్యోగులు మొదట అనే మాట ఒకటే: "ఇంత మారుమూలకు వేశారేమిటండీ!" 1972లో ఎల్.డి.సి.గా చేరింది మొదలు పదవీ విరమణ దాకా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అయితే ఈ ప్రాంతం పుట్టుకతో మారుమూల కాదు. కృష్ణానది రెండు ప్రభుత్వాల మధ్య ఎల్ల అయినప్పుడల్లా ఇది మారుమూల అయింది. ఈ ప్రత్యేక సంచికలో ఆ సంగతే పాఠక మిత్రులకు మనవి చేస్తున్నాను.

క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడి నాగార్జునకొండ లోయలోనే ఉండేది. మూడువైపులా కొండలు, నాలుగోవైపు కృష్ణమ్మ. ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనంలో కాశ్మీర, గాంధార, వంగ, వనవాసి, సింహళ దేశాల ప్రస్తావన ఉంది. సింహళ భిక్షువులకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. అంతటి దూరదేశాల వారికి తెలిసిన చోటు ఇది.

ఇక ఇంగ్లీషువారి కాలానికి వద్దాం. అప్పటికి దక్షిణపు ఒడ్డు మద్రాసు రాజధానిలో గుంటూరు జిల్లా, పల్నాడు తాలూకా. ఉత్తరపు ఒడ్డు నిజాం రాజ్యంలో నల్లగొండ జిల్లా. ఇక్కడ జిల్లాకు కలెక్టరు, అక్కడ తాలూక్దారు. ఇక్కడ గ్రామ లెక్కలు వ్రాసేది కరణం, అక్కడ పట్వారీ. అక్కడి సర్కారు భాష ఉర్దూ. ఇటు కల్దారు రూపాయి, అటు హాలీ సిక్కా. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. సరుకు ఏరు దాటితే నిజాం వారి కరోడ్‌గిరి సుంకం. రెవిన్యూ శాఖలో పనిచేసిన మిత్రులకు ఫసలీ సంగతి తెలుసు. రెండు ఒడ్డులా ఫసలీయే వ్రాసేవారు గాని, ఇటు కొత్త ఫసలీ జూలై 1న మొదలైతే, అటు అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఏటికి ఇవతల ఒక సంవత్సరం, అవతల మరొక సంవత్సరం!

జనం బ్రతుకు మాత్రం రెండు ఒడ్డులా ఒకటే. జొన్న సంకటి, సజ్జ రొట్టె, నాపరాళ్ల ఇళ్లు, గొర్రెల మందలు, కొండవాలున లంబాడీ తండాలు. ఏరు దాటడానికి వెదురుతో అల్లిన పుట్టి. అవతలి ఒడ్డున ఆడపిల్లను ఇచ్చినవారు, అక్కడినుండి కోడలిని తెచ్చుకున్నవారు ఉండేవారని మా పెద్దలు చెప్పగా విన్నాను. ఏటికి వరద వస్తే పుట్టింటికి కబురు కూడా అందేది కాదట.

ఇటువంటి అంచు గ్రామాలకు ప్రభుత్వం ముందుగా తెలిసింది బడి రూపంలోనో ఆస్పత్రి రూపంలోనో కాదు. అడవిలో పశువుల మేతకు కట్టవలసిన పుల్లరి రూపంలో తెలిసింది. 1921లో పల్నాడు పుల్లరికి ఎదురు తిరిగింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసు కాల్పులకు కన్నెగంటి హనుమంతు బలయ్యాడు.

ఆ తరువాత నాలుగేళ్లకే, 1926లో, సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు లోయలో ఒక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన శాఖలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న సరస్వతి గారు వచ్చి పరిశీలించారు. 1927 నుండి లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వకాలు జరిపించాడు. మరుగున పడిన రాజధానిని వెలుగులోకి తెచ్చినవారిలో మొదటివారు ఒక ఉపాధ్యాయుడు, ఒక అసిస్టెంటు అన్నది మనబోటివారు గుర్తుంచుకోదగిన విషయం.

1947, 48 సంవత్సరాలలో రజాకార్ల దౌర్జన్యాలకు తాళలేక నిజాం గ్రామాల నుండి ఎందరో పిల్లాపాపలతో సరిహద్దు దాటి ఆంధ్ర జిల్లాలకు చేరుకున్నారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ భయం తీరింది. అయినా రాష్ట్రాలు రెండుగానే ఉన్నాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిన నాడు కుడి ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం, ఎడమ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం. మరుసటి ఏడు నవంబరు 1న ఆ ఎల్ల చెరిగిపోయింది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. మెట్ట పల్నాటిలో వరి పండింది. ఎక్కడెక్కడి నుండో వచ్చిన కూలీలు, ఇంజనీర్లు, గుమాస్తాలతో ఈ చోటు మళ్లీ సందడిగా మారింది. కాని లోయలోని పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలు నీటి పాలయ్యాయి. పాత కట్టడాలను కొన్నింటిని కొండపైకి, అనుపుకు తరలించి నిలబెట్టారు. కొండమీది మ్యూజియంలో ఎన్నో శిల్పాలు భద్రంగా ఉన్నాయి. పల్లెవారి ఇళ్లకు, వాములదొడ్లకు, రచ్చబండలకు అటువంటి గుర్తు ఏదీ లేదు.

2014 జూన్ 2 నుండి కృష్ణ తిరిగి ఎల్ల అయింది. 26 గేట్ల ఆనకట్టకు ఒక కొస ఒక రాష్ట్రంలో, రెండో కొస మరో రాష్ట్రంలో ఉన్నాయి. 2023 నవంబరు నెలాఖరున 13వ గేటు వద్ద ముళ్లకంచె వేయడం, రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలవడం, చివరకు కేంద్ర బలగాలు రావడం మనమందరం చూశాము. నీటి వాటాల న్యాయాన్యాయాలు తేల్చవలసినవారు వేరే ఉన్నారు. కట్టేనాడు రెండు ఒడ్డుల వారూ కలిసి రాయి మోశారన్నది మాత్రం మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనదే.

చివరగా ఒక మనవి. మునిగిన పల్లెల వారు, పుట్టిలో ఏరు దాటినవారు, ప్రాజెక్టు తొలినాళ్లలో పనిచేసినవారు మన సభ్యుల కుటుంబాలలో ఇంకా కొందరున్నారు. వారి వయస్సు ఎనభై దాటింది. ఊరి పేరు, ఇంటి పేరు, అప్పటి పొలం గట్లు, దేవుడి గుడి, రేవు పేరు: వారికి గుర్తున్నంతవరకు కూర్చోబెట్టి అడిగి వ్రాసి ఉంచండి. పాత పట్టాలు, రసీదులు ఉంటే పారవేయకండి. దస్త్రాలలో ఆ పల్లెలు ఎకరాలుగా, నష్టపరిహారపు పద్దులుగా మాత్రమే మిగిలాయి. మిగతా సంగతి చెప్పగలవారు ఈ వృద్ధులొక్కరే.