లాబీయింగు వెల్లడి చట్టము (అమెరికా)

లాబీయింగు వెల్లడి చట్టము అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సమాఖ్య చట్టము. దీనిపై 1995 డిసెంబరు 19న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకము చేయగా, 1996 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రతిఫలము తీసుకొని కాంగ్రెస్ సభ్యులను, వారి సిబ్బందిని, ప్రభుత్వ ఉన్నతాధికారులను ఒప్పించుటకు ప్రయత్నించువారు ఎవరి తరఫున, ఏ విషయముపై, ఎంత సొమ్ముకు ఆ పని చేయుచున్నారో ప్రజలకు తెలియవలెనన్నది దీని ఉద్దేశము. 2007లో దీనిని గణనీయముగా సవరించి కఠినతరము చేసినారు.

తెలుగులో ఇటువంటి పనికి "పైరవీ" అను మాట వాడుకలో ఉన్నది. ఆ మాటలో చాటుమాటు వ్యవహారమన్న ధ్వని కలదు. అమెరికాలో మాత్రము లాబీయింగు నేరము కాదు. ప్రభుత్వమునకు విన్నవించుకొను హక్కును ఆ దేశ రాజ్యాంగపు మొదటి సవరణ కాపాడుచున్నది. అందువలన ఈ చట్టము లాబీయింగును నిషేధించదు, దానిపై పెట్టు ఖర్చుకు పరిమితి కూడ విధించదు. లెక్క చెప్పమని మాత్రమే అడుగును.

పూర్వరంగము

దీనికి ముందు 1946 నాటి సమాఖ్య లాబీయింగు నియంత్రణ చట్టము అమలులో ఉండెడిది. 1954లో హారిస్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఆ చట్టము రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పినను, దాని పరిధిని బాగుగా కుదించినది. లాబీయింగే ముఖ్యోద్దేశముగా గలవారు కాంగ్రెస్ సభ్యులతో నేరుగా జరుపు సంప్రదింపులకు మాత్రమే అది వర్తించునని కోర్టు నిర్ణయించినది. సభ్యుల సిబ్బందితో మాట్లాడినా, మంత్రిత్వ శాఖల అధికారులను కలిసినా చట్టము పట్టించుకొనదు. దీనితో నమోదు చేసుకొనవలసిన వారిలో చాలమంది మానుకొనిరి. వాషింగ్టన్‌లోని ప్రతినిధుల వివరములు తెలుపు ఒక డైరెక్టరీలో ఉన్న సుమారు 13,500 పేర్లలో 10,000 వరకు నమోదు కానివేనని 1991లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ తేల్చినది. 1995 చట్టమునకు ఇదే ప్రధాన కారణము.

ఎవరు నమోదు చేసుకొనవలెను

ఆచరణలో ఎక్కువ చిక్కులు వచ్చునది ఈ ప్రశ్న దగ్గరనే. చట్టము ప్రకారము ఒక వ్యక్తి లాబీయిస్టు అగుటకు రెండు షరతులు కలసిరావలెను. మొదటిది, ఒక క్లయింటు తరఫున అతడు ఒకటి కంటె ఎక్కువ లాబీయింగు సంప్రదింపులు జరిపియుండవలెను. రెండవది, మూడు నెలల కాలములో ఆ క్లయింటు కొరకు అతడు చేసిన పనిలో కనీసము 20 శాతము లాబీయింగు కార్యకలాపములై ఉండవలెను. 2007కు ముందు ఈ కాలము ఆరు నెలలు.

ఇక్కడ "సంప్రదింపు", "కార్యకలాపము" అను రెండు మాటలకు తేడా గమనింపదగినది. సంప్రదింపు అనగా అధికారితో మాట్లాడుట, లేఖ లేదా ఈమెయిలు పంపుట. కార్యకలాపము అనగా దానితోపాటు దాని కొరకు చేసిన పరిశోధన, సన్నాహము, వ్యూహరచన కూడ. అరగంట సమావేశమునకు నాలుగు గంటలు పత్రములు సిద్ధపరచినచో ఆ నాలుగున్నర గంటలు లెక్కలోనికి వచ్చును. బయటి సంస్థలో పనిచేయువారి విషయములో 20 శాతమును మొత్తము పనిగంటలపై కాక, ఆ ఒక్క క్లయింటుకు వెచ్చించిన కాలముపై లెక్కించవలెను. ఉదాహరణకు ఒక న్యాయవాది ఒక క్లయింటుకు మూడు నెలలలో 20 గంటలే పనిచేసి, అందులో 4 గంటలు లాబీయింగుకు వాడినచో ఆ షరతు నెరవేరినట్లే. ఈ సంగతి తెలియక "నేను అప్పుడప్పుడు మాత్రమే కలియుచున్నాను" అనుకొనువారు చిక్కులలో పడుదురు.

నమోదు చేసుకొనవలసినది సాధారణముగా వ్యక్తి కాదు, అతని యజమాని సంస్థ. సొంతముగా పనిచేయువాడు తానే సంస్థగా పరిగణింపబడును. కొద్దిపాటి సొమ్ముతో జరుగు పనికి మినహాయింపు ఉన్నది. ఈ పరిమితిని నాలుగు సంవత్సరములకు ఒకసారి ధరల సూచికను బట్టి మార్చుదురు. 2025 జనవరి 1 నుండి, లాబీయింగు సంస్థకు ఒక క్లయింటు వలన మూడు నెలలలో వచ్చు ఆదాయము 3,500 డాలర్లు మించనిచో ఆ క్లయింటు విషయములో నమోదు అవసరము లేదు. సొంత ఉద్యోగులచే లాబీయింగు చేయించు కంపెనీలకు, సంఘములకు ఈ పరిమితి 16,000 డాలర్ల ఖర్చు.

కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చుట, పత్రికా విలేఖరిగా సమాచారము అడుగుట, బిల్లు ఎంతవరకు వచ్చినదని విచారించుట మొదలగునవి సంప్రదింపులుగా పరిగణింపబడవు. చర్చిలకు కూడ మినహాయింపు కలదు.

నివేదికలు, గడువులు

మొదటి సంప్రదింపు జరిగిన తేదీ, అందుకొరకు ఒప్పందము లేదా నియామకము జరిగిన తేదీ, ఈ రెంటిలో ఏది ముందైన దానినుండి 45 రోజులలోపు ఎల్.డి.-1 అను పత్రముతో నమోదు కావలెను. పత్రములను సెనేట్ కార్యదర్శికి, ప్రతినిధుల సభ క్లర్కుకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమర్పించవలెను.

తరువాత ప్రతి మూడు నెలలకు ఎల్.డి.-2 నివేదిక పంపవలెను. వీటి గడువులు ఏప్రిల్ 20, జూలై 20, అక్టోబరు 20, జనవరి 20. సెలవు దినమైనచో తరువాతి పనిదినము వరకు గడువు ఉండును. ఏ రంగము, ఏ బిల్లు, ఏ సభను లేదా ఏ శాఖను సంప్రదించినారు, ఏ లాబీయిస్టులు పనిచేసినారు, మొత్తము ఆదాయము లేక ఖర్చు ఎంత అన్నవి ఇందులో ఉండును. సొమ్ము 5,000 డాలర్లు మించినచో దానిని దగ్గరి 10,000 డాలర్లకు సరిచేసి చూపవలెను. ఆ మూడు నెలలలో ఏ పనీ జరుగకపోయినను, నమోదును రద్దు చేసుకొనువరకు నివేదిక పంపవలసినదే. చిన్న సంస్థలు ఎక్కువగా మరచునది దీనినే.

2007 సవరణతో ఎల్.డి.-203 అను మూడవ పత్రము వచ్చినది. ఎన్నికల విరాళముల వివరములతో దీనిని సంవత్సరమునకు రెండుసార్లు, జూలై 30, జనవరి 30 నాటికి, సంస్థతోపాటు ప్రతి లాబీయిస్టు విడిగా సమర్పించవలెను. విరాళమేమియు ఇవ్వనివారికి కూడ తప్పదు. కాంగ్రెస్ బహుమతుల నియమములను చదివితిననియు, వాటిని ఉల్లంఘించలేదనియు ఇందులో ధ్రువీకరించవలెను. లాబీయిస్టు గత 20 సంవత్సరములలో చేసిన ముఖ్య ప్రభుత్వోద్యోగములను కూడ నమోదు సమయములో తెలుపవలెను. ఆడిట్ సంస్థ ఏటా జరుపు పరిశీలనలో మాటిమాటికి బయటపడు లోపములలో ఈ పూర్వోద్యోగములను దాటవేయుట ఒకటి.

అబ్రమాఫ్ ఉదంతము

2007 సవరణకు ముఖ్య ప్రేరణ జాక్ అబ్రమాఫ్ అను లాబీయిస్టు కుంభకోణము. జూదగృహములు నడుపు అమెరికా ఆదివాసీ తెగలను మోసగించిన వ్యవహారములో ఇతడు 2006 జనవరిలో నేరము అంగీకరించి జైలుకు వెళ్ళెను. 2010లో విడుదలయ్యెను. విచిత్రమేమనగా, తన కారణముగా కఠినమైన చట్టము కిందనే ఇతడు మరల చిక్కుకొనెను. గంజాయి వ్యాపారము తరఫున నమోదు లేకుండ లాబీయింగు చేసినాడన్నది 2020లో ఇతనిపై మోపిన అభియోగములలో ఒకటి. ఈ చట్టము కింద క్రిమినల్ అభియోగము ఎదుర్కొన్న మొదటివారిలో ఇతడొకడు. లంచము, మోసము వంటి నేరములకు శిక్షపడిన లాబీయిస్టులు ఆ సంగతి వెల్లడించవలెనని 2019 జనవరిలో వచ్చిన మరియొక సవరణకు కూడ "జాక్" అని పిలువబడునట్లుగానే పేరు కూర్చినారు.

శిక్షలు

లోపము కనబడినచో కార్యదర్శి లేదా క్లర్కు ముందుగా లేఖ వ్రాయుదురు. 60 రోజులలో సరిచేయనిచో వాషింగ్టన్‌లోని సమాఖ్య అటార్నీకి నివేదింతురు. తెలిసి ఉల్లంఘించినచో 2,00,000 డాలర్ల వరకు సివిల్ జరిమానా, బుద్ధిపూర్వకముగా, అవినీతితో చేసినచో 5 సంవత్సరముల వరకు జైలు విధింపవచ్చును. నిజమునకు పెద్ద జరిమానాలు అరుదు. ఎక్కువ కేసులు ఆలస్యపు నివేదికను దాఖలు చేయించుటతోనే ముగియును.

లోపములు

నివేదికలో సంప్రదించిన సభ్యుని పేరు వ్రాయనక్కరలేదు, "సెనేట్" అనిన చాలును. ప్రజలలో ప్రచారముచేసి వారిచేత ఉత్తరములు వ్రాయించుటకు అయ్యే ఖర్చు కూడ చట్టము పరిధిలోనికి రాదు. అన్నిటికంటె ఎక్కువ విమర్శకు గురియైనది 20 శాతము నియమము. 2005లో సెనేట్ వీడిన మాజీ నాయకుడు టామ్ డాష్లే చాలకాలము "సలహాదారు"గా పనిచేసి 2016లో గాని లాబీయిస్టుగా నమోదు కాలేదు. ఇది చట్టవిరుద్ధము కాదు. అందువలననే దీనిని లోపమని విమర్శకులు చెప్పుదురు.

విదేశీ ప్రభుత్వముల తరఫున పనిచేయువారికి 1938 నాటి విదేశీ ఏజెంట్ల నమోదు చట్టము వర్తించును. ఇది న్యాయశాఖ అధీనములో ఉండి, మరింత వివరమైన లెక్కలు అడుగును. వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయము నియమించుకొన్న సంస్థలు ఈ చట్టము కిందనే నమోదగును.

భారతదేశముతో సంబంధము

2012 డిసెంబరులో ఈ చట్టము కింద వాల్‌మార్ట్ సమర్పించిన నివేదికలు భారత పార్లమెంటులో కలకలము రేపినవి. 2008 నుండి ఆ సంస్థ చూపిన లాబీయింగు ఖర్చు సుమారు 2.5 కోట్ల డాలర్లు. చర్చించిన విషయములలో భారత మార్కెట్టులో ప్రవేశము ఒకటి. చిల్లర వర్తకములో విదేశీ పెట్టుబడులపై అప్పుడే తీవ్ర వివాదము నడచుచున్నందున, ఈ 125 కోట్ల రూపాయలు భారతదేశములో ఎవరికి చేరినవని ప్రతిపక్షములు ప్రశ్నించినవి. అయితే ఎల్.డి.-2 నివేదికలో విషయమువారీగా ఖర్చు విడదీసి చూపరు. ఆ మొత్తము అమెరికాలో అనేక విషయములపై ఆ సంస్థ పెట్టిన ఖర్చంతయు కలిపినది. అందులో భారతదేశపు భాగమెంతో నివేదికను చూచి చెప్పుట సాధ్యము కాదు. ప్రభుత్వము విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో ఏకసభ్య సంఘమును నియమించినది. 2013లో సమర్పించిన దాని నివేదిక ఒక నిశ్చితమైన నిర్ణయమునకు రాలేదు.

భారతదేశములో లాబీయింగును ప్రత్యేకముగా గుర్తించు లేదా వెల్లడి చేయించు చట్టము లేదు. 2013లో లోక్‌సభ సభ్యుడు కాళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ ఇటువంటి వెల్లడి కొరకు ప్రైవేటు సభ్యుని బిల్లు తెచ్చినారు గాని, అది చట్టము కాలేదు.